ప్లానులో ఉన్న నీడ

బావగారికి,

మీరు డిజైన్ చేసిన కొత్త ఆఫీసులో అందరం చల్లగా ఉన్నామని రాద్దామంటే, కాగితం మీద చెమట పడుతోంది. పడమటి పక్కనున్న పెద్ద చెట్టు నీడ చూసుకునే కదా మీరు ఏసీలు అక్కర్లేదన్నారు. ప్రకృతితో కలిసిపోయిన భవనమని బహుమతి కూడా వచ్చింది. ఫొటోలో భవనం మొత్తం పడాలని మా పెద్దసారు ఆ చెట్టు కొట్టించేశారు. ఇప్పుడు మధ్యాహ్నానికి గోడలు పెనంలా కాలుతున్నాయి.

“ప్లానులో చూపించిన నీడ ఏదమ్మా? ఆయన్నే సంజాయిషీ అడుగు” అని సారు నాచేతే మీకు నోటీసు టైపు చేయించారు. అక్కకి చూపించకండి, కంగారుపడుతుంది.

చెట్టు కొట్టమన్న ఉత్తర్వు నకలు, సారు సంతకంతో సహా, ఇందులో పెట్టాను. జవాబుకి జతచేయండి. నా ఉద్యోగం జాగ్రత్త. ఎవరిచ్చారని అడిగితే గాలికి ఎగిరొచ్చిందనండి. మీరు పెట్టించిన కిటికీలు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి.

మీ మరదలు