ముందుకాళ్ళు మార్చిన మంచుబండి

నౌయాక్ తల్లీ, మన మోటారు మంచుబండి కనబడలేదని ఊరంతా వెతక్కు. మీ తాతని, నేనే తీసుకెళ్ళాను. ఏటికవతల కారిబూ దుప్పుల మంద దిగిందట. పొయ్యి ఆరనివ్వకు. కుక్కలకి ఎండుచేప వేశాను, మళ్ళీ అడిగితే నమ్మకు. నేను చెబుతుంటే మీ అమ్మ రాస్తోంది.

కొత్త ముందుకాళ్ళ బోల్టులు ఇంకోసారి బిగించేదాకా బండి ముట్టుకోవద్దన్నావు. నిన్న నువ్వు కొట్టుకి పనికెళ్ళాక నేనే బిగించాను. ముందువైపు కూర్చుని ఊగి చూశాను, కింద మంచు మీద జారే స్కీ బద్దలు రెండూ పక్కకి తిరగలేదు. చెత్తకుప్పలో పడున్న ఓ వెడల్పాటి మంచుబండి ముందు కడ్డీలు, ఓ పందెం బండి షాకబ్జర్లు మన పాతదానికి ఎలా అతికించావో నాకింకా అంతుపట్టలేదు. "మూడు బండ్ల ఎముకలు కలిపితే ఒక బండవుతుందా" అని మీ ఎల్మర్ మావయ్య నవ్వాడు కదా. నిన్న వాణ్ణి వెనకాల కూర్చోబెట్టుకుని, గాలికి గట్టిపడ్డ మంచుగట్ల మీద తిప్పాను. దిగి, "నాన్నా, నా బండికీ ఇలాగే చెయ్యమని నీ మనవరాలికి చెప్పవూ" అన్నాడు. నువ్వే వెళ్ళి బతిమాలుకోరా అన్నాను.

నడుము ఒక్కసారి కూడా కలుక్కుమనలేదు తల్లీ. ఈ నడుంనొప్పితో బండెక్కలేక, రెండు చలికాలాలుగా ఎవరో తెచ్చిపెట్టిన మాంసం తిన్నాను. ఇక నా వేట అయిపోయిందనుకున్నాను, పైకి అనలేదంతే.

ఈ బండి మీద దొరికే మొదటి దుప్పి నీ మొదటి వేట కిందే లెక్క. మన పద్ధతి తెలుసుగా. ఇంట్లో ముక్క కూడా ఉంచకుండా, వేట మానేసిన పెద్దవాళ్ళకి మొత్తం ఇచ్చెయ్యాలి. ఎవరికివ్వాలో ఆలోచించి పెట్టుకో.

నాకే ఇస్తానంటావని మీ అమ్మ అంటోంది. నాకివ్వకూడదు. నేను వేటకెళ్ళాను.