అమ్మ నిద్రించిన పేజీ

రేపల్లె,
మంగళవారం.

ప్రియమైన దీవెనకు,

అక్క ఫ్లోరెన్స్ ప్రేమతో రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ నేను, మీ బావగారు బాగున్నాం. బాపట్లలో మీ అన్నయ్య వాళ్లు కులాసా. ఖరగ్‌పూర్‌లో నువ్వు, మీ ఆయన మత్తయిగారు క్షేమంగా ఉండాలని అడుగుతున్నాను. ఉదయం ప్రార్థనలో మీ పేర్లు నా పేరు కంటే ముందే వస్తాయి.

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేసి మాట్లాడవచ్చు కదా అన్నారు మీ బావగారు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను చెప్పవలసింది మరిచిపోతాను. అందుకే కాగితం తీసుకున్నాను.

అడిగినవాటికి ముందు జవాబులు. ఎండు రొయ్యలు నిజాంపట్నం నుంచి తెప్పించి, తలలు తీసి, మళ్లీ ఎండబెట్టి డబ్బాకెత్తాను. అటు వచ్చేవాళ్ల చేత పంపుతాను. నా కళ్లకు ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదట. రాత్రిళ్లు చదవడం తగ్గించమన్నారు డాక్టరు. రాత్రిళ్లు ఏం చదువుతున్నానో తర్వాత చెప్తాను. అన్నయ్యకు తెలిసిందా అని ఒకే ఉత్తరంలో పదే పదే అడిగావు. దానికీ కాస్త ఓపిక పట్టు. ఇక రాయను, చివరి భాగం రాయను, అమ్మను నేనే పిశాచిని చేసుకున్నానక్కా అన్నావు. ఈ ఉత్తరం అంతా ఆ మాటకే జవాబు.

పోయిన శనివారం పొద్దున సంగతి చెప్తాను. రోజూలాంటి పొద్దునే. లేచి, మోకరించి, ఒక కీర్తన చదువుకున్నాను. కుళాయి వస్తే బిందెలు నింపాను. మీ బావగారు వరండాలో పేపరు పట్టుకుని, అందులో ఉన్నవాళ్లందరినీ వరసగా కోప్పడుతున్నారు. గుమ్మంలో ముగ్గుగిన్నె పట్టుకుని ఎదురింటి ధనలక్ష్మిగారు, వదినా మీ పాలవాడు నీళ్లు తగ్గించాడా అని అడిగారు. తగ్గించలేదండి, కొత్త కుళాయి దొరికినట్టుంది అన్నాను. నవ్వుకున్నాం. లోపలికి వచ్చి పాలు పొయ్యి మీద పెట్టాను. ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతున్నాను. తెనాలి ప్యాసింజరు కూత వినిపించింది.

అప్పుడు వచ్చింది సునీల. బాపట్ల నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చిందట. అన్నయ్య కూతురు ఎంత ఎదిగిందో నువ్వు చూడాలి. వ్యవసాయ కాలేజీలో చివరి సంవత్సరం. చెప్పులు విప్పుతూనే ఒక పుస్తకం బల్ల మీద పడేసి, "మోసపోయాను పెద్దత్తా" అని కూర్చుంది.

నీ ఉత్తరంలో నువ్వు చెప్పిన గైడు అదే. నీ 'చీకటి చుట్టం' నాలుగు భాగాలూ ఆ పిల్లకు కంఠస్థం. ఎప్పుడో నిజాంపట్నం రేవులో ఓడ దిగి, నెత్తురు తాగి బతికే నిశాంత్ గురించి, వాణ్ణి ప్రేమించిన రేపల్లె పిల్ల మెర్సీ గురించి మన చుట్టాల కంటే దానికి ఎక్కువ తెలుసు. రాసిన 'నిశీథి' తన చిన్నత్త అని మాత్రం అప్పటికి తెలియదు.

నిశాంత్ ఏ దేశం నుంచి వచ్చాడు, పగలు ఎక్కడ పడుకుంటాడు, అద్దంలో కనిపించనివాడు క్రాఫు ఎలా దువ్వుకుంటాడు, ఇలాంటివన్నీ ఉంటాయని ఆశపడి హాస్టల్లో పిల్లలూ ఇదీ కలిసి తెప్పించుకున్నారట. తీరా చూస్తే అది అచ్చం పదో తరగతి గైడులా ఉంది. పాత్ర పరిచయం. సందర్భ సహిత వ్యాఖ్యలు. ఖాళీలను పూరింపుము. 'నిశాంత్ స్వభావమును నీ సొంత మాటలలో వ్రాయుము.' రెండో భాగంలో మెర్సీ పేరు మేరీ అయింది, మూడో భాగంలో మళ్లీ మెర్సీ అయింది. రచయిత్రికి ఈ పుస్తకంతో సంబంధం లేదన్న మాట మాత్రం వెనక అట్ట లోపల, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

"పరీక్షలు అయిపోయాయని కథ చదువుకుంటుంటే, అందులో కూడా పరీక్ష పెట్టాడు పెద్దత్తా" అంది.

నాకు నవ్వొచ్చింది. అది నవ్వలేదు. పేజీ తిప్పి, చుక్క గుర్తు పెట్టిన చోట వేలు పెట్టి చదివింది. 'మెర్సీ తల్లి: మొదటి భాగం చివర నిద్రలోనికి వెళ్లును. ఇది నిశాంత్ కాటు వలన అయి ఉండవచ్చును. ఆఖరు భాగంలో ఈమె రక్తపిశాచిగా మేల్కొనును. ముఖ్యమైన ప్రశ్న.'

వెనకాల పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నా చేతుల్లో పాలు పొంగడం నువ్వెప్పుడూ చూసి ఉండవు.

సునీల చెప్పుకుపోతూనే ఉంది. చాలామంది ఆ గైడు నిశీథే రాసిందని అనుకుంటున్నారట. నాలుగు భాగాలైనా అమ్మ ఇంకా లేవలేదేంటి, మోసం చేశారు అని ఫోన్లలో తిడుతున్నారట. ఆవిడ ఇక రాయనందట. ఇది, దీని స్నేహితురాళ్లు రోజూ ఓపికగా ఒక్కొక్కరికీ జవాబు రాస్తున్నారు. ఏమని రాస్తున్నారే అని అడిగాను. "ఆ అమ్మ చనిపోయింది, ఆవిణ్ణి వదిలెయ్యండి అని రాస్తున్నాం" అంది. అది తన సొంత నాయనమ్మ అని తెలియకుండానే అంత మాట అంది. ఆ క్షణంలో దాన్ని చూసి ఎంత గర్వపడ్డానో దేవుడికి తెలుసు.

పొయ్యి తుడిచాను. ఉప్మా తిను సునీలా, తెనాలి వెళ్లొద్దాం అన్నాను.

గైడు వేసినాయన పేరు పాండురంగారావు. దుకాణం బజారు వెనక సందులో. నిండా పదో తరగతి, ఇంటర్ గైడ్లే. మనవడికా మనవరాలికా అమ్మా అని అడిగారు. సునీల పుస్తకం బల్ల మీద పెట్టింది. ఆయన మొహం వాడిపోయింది. బల్ల కిందనుంచి జనం తిరిగి ఇచ్చేసిన ప్రతుల కట్ట తీసి చూపించారు. ముప్ఫై ఏళ్లుగా గైడ్లు వేస్తున్నానమ్మా, బాగాలేదని వెనక్కి తెచ్చినవాళ్లు లేరు, పిల్లలు ప్యాసైతే చాలనుకునేవాళ్లు అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, నీకు చెప్పాలి. "పుస్తకం గొప్పది కనకే గైడు వేశాను. బాగాలేనిదానికి గైడెవడేస్తాడమ్మా?"

నేను ఆ చుక్క గుర్తు చూపించాను. ఇది తప్పండి అన్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, నీ మొదటి భాగం తీసి, ఆ పేజీ వెతికారు. "చూడండమ్మా. 'తెల్లవారుజామున అమ్మ నిద్రించింది' అనే ఉంది."

"అవునండి. నిద్రపోయింది అని లేదు కదండి."

"రెండూ ఒకటే కదమ్మా."

"మా క్రైస్తవులకు కాదండి. నిద్రపోతే మేము లేపుకుంటాం. నిద్రిస్తే మేము లేపలేం, ప్రభువే లేపాలి."

ఆయన మళ్లీ పుస్తకం మీదికి వంగారు. తర్వాత పై వాక్యాలు మెల్లగా చదివారు. నిశాంత్ అమ్మ మంచం పక్కన కూర్చుని, నేను కాటేస్తే మీకు చావుండదు అనడం. అమ్మ నవ్వి, 'వద్దు బాబూ, నన్ను లేపేవాడు ఉన్నాడు' అనడం. "ఈ లేపేవాడు నిశాంతే అనుకున్నాను. అందుకే మేల్కొనునని వేశాను" అన్నారు. అబద్ధం చెప్తున్నట్టు లేదు. పెట్టెల్లో పడుకుని లేచేవాళ్ల కథ కదా, ఆయన తప్పు కూడా కాదు.

మిగిలిన ప్రతులన్నిట్లో సవరణ చీటీ అంటిస్తానన్నారు. అక్కడే కాగితం మీద రాసి చూపించారు. 'మెర్సీ తల్లి మరణించినది. మేల్కొనదు.' రెండో మాట కొట్టేయమన్నాను.

"అదేంటమ్మా. లేవదనే కదా మీరు వచ్చింది?"

"అది మనం రాసే మాట కాదండి."

ఆయన కొట్టేశారు. ఈ పుస్తకం రచయిత్రి రాసింది కాదు అని అట్ట మీదే పెద్ద అక్షరాల్లో వేయిస్తానని సునీలకు మాట కూడా ఇచ్చారు.

దీవెనా, ఇక ఇంతసేపు ఆపి ఉంచిన మాట. నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నావు. నేను చెప్పాను.

మేము లేచి వస్తుంటే పాండురంగారావుగారు అడిగారు, ఇంత దూరం వచ్చారు, ఆ రాసినావిడ మీకేమవుతుందమ్మా అని. ఏమీ కాదు, చదివేదాన్ని అంటే సరిపోయేది. "ఆ పేజీలో ఉన్నది మా అమ్మండి. రాసింది మా ఆఖరి చెల్లెలు. పేరు దీవెన, ఖరగ్‌పూర్‌లో టీచరు" అన్నాను. నోరు జారలేదు. నిండు మనసుతో అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచారు. సునీల వీధి చివరిదాకా నా చెయ్యి వదలలేదు.

ఇంకొకటి. నువ్వు ఉత్తరంలో ఒప్పుకోక ముందే నాకు తెలుసు. ఒకసారి సునీల మొదటి భాగం మా ఇంట్లో మరిచిపోయి వెళ్లింది. ఊరికే తిప్పుతుంటే ఆ పేజీ వచ్చింది. నిద్రించే ముందు మెర్సీ తల్లి, 'పొయ్యి మీద పాలు చూడండే, పొంగుతాయి' అంటుంది. పిట్టలవానిపాలెం ఇంట్లో అమ్మ ఆఖరి మాట అదే. అప్పుడు పొయ్యి మీద పాలు లేవు. ఆ మాట విన్నది మనం ముగ్గురమే. అన్నయ్య చెప్పడు, నేను చెప్పలేదు. ఇక నువ్వే.

ఆ తర్వాత నాలుగు భాగాలూ చదివాను. డాక్టరు తగ్గించమన్న రాత్రి చదువు అదే. ఒకసారి మీ బావగారు చూసి, బైబిలు కింద ఏంటది అన్నారు. నెత్తురు తాగే కుర్రాడి కథండి అన్నాను. మంచివాడేనా అన్నారు. ప్రయత్నం చేస్తున్నాడండి అన్నాను.

ఆ సాయంత్రం తెనాలిలోనే రైలెక్కి బాపట్ల వెళ్లాం. మర్నాడు వెళ్దామంటే సునీల ఆగేట్టు లేదు. గుమ్మంలోనే వాళ్ల నాన్నతో చెప్పేసింది. అన్నయ్య సంగతి తెలుసు కదా. చర్చి సంఘానికి కార్యదర్శి. ఆ పుస్తకాలు ఇంట్లో కనిపించకూడదని దానికి ఎన్నోసార్లు చెప్పినవాడు. కూర్చోకుండా నన్నే చూశాడు. "నెత్తురు తాగేవాడి కథలో అమ్మ ఎందుకక్కా?" అన్నాడు.

చదువు అని పేజీ తీసి ఇచ్చాను.

నిలబడే చదివాడు. చదివి, పుస్తకం మూయకుండా పట్టుకుని దొడ్లోకి వెళ్లాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. మీ వదిన కుమారి లేవబోతే నేను వద్దన్నాను. మొహం కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఆ పాల మాట నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదక్కా."

"నేనూ చెప్పలేదురా."

"అది అందరికీ చెప్పింది." కోపంగా అనలేదు. పేజీని మళ్లీ చూసి, "మనకంటే బాగా చెప్పింది" అన్నాడు.

కుమారి అన్నం వడ్డించింది. తింటూ నలుగురం మాట్లాడుకున్నాం. ఏం తేల్చామో రాస్తున్నాను.

ఈ ఏడు అమ్మ జ్ఞాపకార్థ కూడిక బాపట్లలో అన్నయ్య ఇంట్లోనే. ప్రతిసారీ అన్నయ్య చదివే జీవిత చరిత్ర ఈసారి వద్దనుకున్నాం. దాని బదులు ఆ పేజీ చదవాలి. నువ్వే వచ్చి చదవాలి. టిక్కెట్లు సునీల తీస్తుంది. సంఘంలో ఎవరైనా అడిగితే జవాబు తను చెప్పుకుంటానని అన్నయ్య అన్నాడు.

చివరి భాగం అట్ట మీద నిశీథి అని ఉండకూడదు. అమ్మ పెట్టిన పేరు ఉండాలి. ఇది కూడా అన్నయ్య మాటే.

నిశాంత్ ఏమవుతాడో ముందే తనకు చెప్పమని సునీల కోరింది. అది మాత్రం ఎవరమూ ఒప్పుకోలేదు.

ఆఖరిది నేను అడిగాను, అందరూ సరేనన్నారు. ఎవరు ఎంత తిట్టినా, ఏ గైడు ఏం రాసినా, చివరి భాగంలో అమ్మ లేవదు. ఆమెను లేపేవాడు ఉన్నాడు, ఆయన పని ఆయనకు వదిలేద్దాం. లేవవలసింది నువ్వు. లేచి, కలం పట్టుకో.

ఇట్లు,
నీ పుస్తకాలన్నీ చదివిన
పెద్దక్క ఫ్లోరెన్స్