రేణుకక్కను వ్యాను ఎక్కించారు

మంగళవారం రాత్రి, అమీర్‌పేట

మధ్యాహ్నం నేను గదుల తాళాలు చూసుకునే లాడ్జి మీద పోలీసులు పడ్డారు. రేణుకక్క గదిలో దొరికిన, మెడలో కంపెనీ ట్యాగు ఉన్న కస్టమర్‌ను ఎస్సై వెనక మెట్ల మీంచి పంపేశాడు. అక్కను మాత్రం టీవీ కెమెరాల ముందు నిలబెట్టాడు.

వయసొచ్చిన మనిషి తన ఇష్టంతో, తన ఇంట్లో పడుపు వృత్తి చేసుకుంటే చట్టం తప్పనదు. గదులిచ్చి కమీషన్ తినేవాడిదే నేరం. ఫుట్‌పాత్ మీద కొన్న లా పుస్తకంలో చదివి, పోయిన నెల అక్కకు గొప్పగా చెప్పాను.

"అయితే లోపల పడాల్సింది నువ్వు, మీ ఓనరేరా తమ్మీ!" అని ఒకటే నవ్వింది.

ఈరోజు ఎస్సై నన్ను చూపించి ఆమెనే అడిగాడు. "వీడెవడు? గదులిచ్చేది వీడేనా?"

ఆ గది తలుపు తీసిచ్చింది నేనే. సెక్షన్ నంబరు నోటి దాకా వచ్చింది.

"చాయ్ తెచ్చే పోరడు సార్. గా పిలగానికేం తెల్వదు" అంది అక్క.

అవునన్నట్టు తలూపాను. సిగ్గులేని తల.

అక్కను ప్రభుత్వ హోమ్‌లో ఎన్నాళ్లు పెడతారో. బడి నుంచి వచ్చిన ఆమె కూతురికి ఎవరు చెప్పారో.

ఎస్సైని, ఓనర్‌ని సాయంత్రమంతా బూతులు తిట్టుకున్నాను. ఇందాక ఓనర్ ఫోన్ చేశాడు. రేపటి నుంచి పంజాగుట్టలో తన ఇంకో లాడ్జి చూసుకోమన్నాడు.

"సరే సార్" అన్నాను.