పిట్టకు పెట్టిన సువ్లాకి

అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు కూడా ఉంటాయి, నవ్వకు.

ఈరోజు నీ ఏడాది మాసికం. నీకిష్టమైనవి వండి పిట్టకు పెట్టాం. దుబాయ్ హోటల్లో నువ్వు కోడిముక్కలు పుల్లకు గుచ్చి కాల్చే గ్రీకు సువ్లాకి నేను చేశాను. నువ్వు చెప్పిన ఎండు ఆకు కోరుట్లలో దొరక్క కొత్తిమీర వేశాను. ఫోన్‌లో అన్నిసార్లు చూపించావు గానీ, పుల్లలు ముందు నానబెట్టాలని ఒక్కసారీ చెప్పలేదేం? అవి కాలిపోయి సగం ముక్కలు బొగ్గుల్లో పడ్డాయి.

"గీ పుల్లలేందే, పిట్ట నోట్ల గుచ్చుకోవా?" అంది అత్తమ్మ.

కాకి వచ్చి అత్తమ్మ వండిన మటన్ కూరే తిన్నది.

"సూసినవా, నా కొడుకు నా కూరే తిన్నడు!"

కోపమొచ్చి మిగిలిన సువ్లాకి ముక్కలన్నీ నేనే తిన్నాను. కుదిరాయో లేదో తెలియదు. ఇంటికొచ్చి చేసి పెడతానన్నావు, ఆ రుచి నాకెప్పుడు చూపించావు?

ఇది చదివి కాల్చెయ్, అత్తమ్మ కంట పడనీయకు.