పాత డ్రైవర్ ఎక్కించాను, ఏమీ తుడిచేయకు

సింధుజా,

పెద్ద వరద పోయిన నాలుగో యేట తాత కంప్యూటర్ బాగు చేశాడని రాసుకో! ఊకె ఆగిపోతున్నదని దాన్ని మొత్తం తుడిచేయకు బిడ్డా. సాయంత్రం కాలేజీకి పంపాల్సిన, నువ్వు గీసిన ఇంటి నక్ష పోతుంది.

నిన్న నువ్వు వికారాబాద్ పోయాక తాండూరు కంప్యూటర్ షాపాయనకు ఫోన్ చేశాను. "తెర మీద బొమ్మలు నడిపే కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కినంకనే అది ఆగిపోతున్నది తాతా, పాతదే ఎక్కియ్యి" అన్నాడు. ఎక్కడ నొక్కాలో ఫోన్లో ఫొటోలు పంపాడు. గొర్రెల చెవి గాట్లు పోల్చుకున్నట్టే ఇంగ్లీషు అక్షరాలు పోల్చుకుని నొక్కాను. తెర నల్లబడింది. మళ్లీ వెలిగింది!

"నీకేం తెలుస్తది" అన్నావు మొన్న.

అన్నం గిన్నెలో ఉంది, తిను.

ఈ పొద్దున మందను విడవకముందే నీ ఇంటిని తెర మీద మూడుసార్లు తిప్పి చూశాను. ఒక్కసారీ ఆగలేదు. గొర్రెల కొట్టం ఎక్కడా కనబడలేదు కానీ, ఇల్లు మస్తుగుంది.