గోడ ముందా, బోరు ముందా

అక్కా, నీకూ బావకూ నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, ఒళ్ళంతా రాతిపిండే గానీ.

మీ స్థలంలో బోరు పని ఎట్టకేలకు అయింది. కంగారు పడకు, నీళ్ళు పడ్డాయి. కానీ పొద్దున బోరు లారీ వచ్చి గేటు ముందే ఆగిపోయింది. పక్కవాళ్ళు హద్దు జరుపుతారని బావ ముందే కట్టించిన ప్రహరీ గేటులోంచి స్కూటరు తప్ప ఏదీ దూరదు. కాంట్రాక్టరు నడుం మీద చేతులేసుకుని, "బోరు వేయకుండా గోడ కట్టించిన మహానుభావులెవరమ్మా?" అన్నాడు. "నేనే" అని నా మీద వేసుకున్నాను. వీధివైపు గోడ సగం పడగొట్టించాక గానీ లారీ లోపలికి రాలేదు.

పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద అంతా నల్లరాయి. సాయంత్రం దాకా పిండే లేచింది. "రాతిలో బీట తగిలితే నీళ్ళు, లేకపోతే ఇదేనమ్మా" అంటాడు కాంట్రాక్టరు, తాపీగా టీ తాగుతూ. నేను ఆశ వదులుకున్నాక తగిలింది. సన్నటి ధారే, ఇంటికి సరిపోతుందట.

పక్కింటావిడ ఆరేసిన బట్టలన్నీ రాతిపిండి కొట్టుకుపోయాయి. నాతో మాట్లాడటం మానేసింది, నువ్వే ఆవిడకి ఒక కార్డు రాయి. మోటారు బావ తెస్తాడా, అదీ నా నెత్తినేనా? చంటిదాని దగ్గు తగ్గిందా? నా బూడిదరంగు శాలువా అక్కడే మర్చిపోయాను, ఎవరైనా వస్తుంటే పంపు.

గోడ సంగతి బావ అన్నం తిని చల్లబడ్డాక చెప్పు. పిల్లలకి ముద్దులు. పడగొట్టిన గోడ చూడటానికి రేపు మేస్త్రీ వస్తున్నాడు, మోటారు బిగించగానే కడతాడు. మీ బోరు మొదటి నీళ్ళు ఆ గోడ సిమెంటులోకే పోతాయి.

నీ చెల్లెలు