గేటు బయట కుర్చీ

చెల్లెమ్మా,

కార్ఖానా నీకు అప్పగించిన మాట నిజమే. ప్రతి కుర్చీలోనూ నేను కూర్చుని చూశాకే అది లారీ ఎక్కాలన్న నా పద్ధతివల్ల సరుకు పేరుకుపోయిందన్నావు, అదీ ఒప్పుకున్నాను. అంతమాత్రాన సొంత అన్నని గేటు దగ్గరే ఆపిస్తావా?

నువ్వు పెట్టిన వాచ్‌మన్ "మేడంగారు మిమ్మల్ని మాత్రం లోపలికి పంపొద్దన్నారండీ, కూర్చోండి" అని కుర్చీ వేశాడు. నిన్న తయారైందట, నేను కూర్చోకుండానే పాసైపోయిందట! ఒళ్ళు మండి దభీమని కూలబడ్డాను. అటూ ఇటూ ఊగాను, వెనక్కి వాలాను. పాడు కుర్చీ, కిర్రుమని కూడా అనలేదు. ఇన్నాళ్ళూ నడుం ఊరికే విరగ్గొట్టుకున్నానన్నమాట.

లారీలు పంపించెయ్. ఈ కుర్చీ చేసినవాడికి వెంటనే జీతం పెంచు.

సరేలే, అదీ నువ్వే చూసుకో.

ఇట్లు,
గేటు బయట హాయిగా కూర్చున్న
నీ అన్నయ్య